గాలి కొలతలో వాడ ఎక్కడ?

మా అర్జీకి వచ్చిన జవాబు ఒకే ఒక్క పుట. అందులో పనికొచ్చే వాక్యం ఒక్కటే: ఇటుక బట్టీ గ్రామ ఆవాసానికి తొమ్మిది వందల మీటర్ల దూరంలో ఉన్నది, కనుక నిబంధనల ఉల్లంఘన లేదు. ఆ కాగితాన్ని మా పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆమె అరుగు మీద నిలబడి చూస్తే బట్టీ మంట కనిపిస్తుంది. నడిచి వెళితే అయిదు నిమిషాల దారి. "తొమ్మిది వందలు యాడి నించి కొలిచారు నాయనా?" అని అడిగింది.

జవాబు ఆ కాగితంలోనే ఉన్నది. గ్రామకంఠం సరిహద్దు నుంచి కొలిచారు. మా వాడ గ్రామకంఠంలో లేదు. ఊరికి దక్షిణంగా ముప్పాతిక కిలోమీటరు దూరాన, ఒకనాటి పొలంలో, నలభై ఏళ్ల కిందట ఇళ్ల స్థలాల పట్టాలుగా ఇచ్చిన సర్వే నంబరులో ఉన్నది. వాడకు తూర్పున, మూడు వందల మీటర్లు దాటకుండా, 2023 చలికాలంలో బట్టీ వెలిసింది. కొలత టేపు అబద్ధం చెప్పలేదు. దాని ఒక కొసను ఎక్కడ పట్టుకోవాలో నిర్ణయించినవారు మాత్రం మమ్మల్ని ఊరిలో లెక్కవేయలేదు. నిజానికి మేమూ వేసుకోము. సరుకులు తేవడానికి బయలుదేరిన మా వాడ మనిషిని ఎక్కడికని అడిగితే "ఊళ్లోకి" అంటాడు. పుట్టి పెరిగిన ఊరిలోనే ఉంటూ ఊళ్లోకి పోవడం అనే ఈ ప్రయోగం మన తెలుగులో ఎంత సహజంగా కలిసిపోయిందంటే, అందులోని వెలి మన చెవికి ఇక వినిపించదు.

కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2022 ఫిబ్రవరిలో వెలువరించిన నిబంధనల ప్రకారం ఇటుక బట్టీని ఆవాసాలకు, పండ్లతోటలకు కనీసం 800 మీటర్ల దూరంలో నెలకొల్పాలి. అనుమతించిన ఇంధనాలు సహజవాయువు, బొగ్గు, కట్టెలు, పంట వ్యర్థాలు. టైర్లు, ప్లాస్టిక్, పెట్‌కోక్ నిషిద్ధం. నిబంధన బాగానే ఉన్నది. అందులో 'ఆవాసం' అన్న మాట మీదే నా పేచీ. ఎస్సీ ఉపప్రణాళిక నిధులు లెక్కించేటప్పుడు మా వాడ ప్రత్యేక ఆవాసం. మంచినీటి పథకాల పట్టికలోనూ ప్రత్యేక ఆవాసమే. పొగ దూరం కొలిచే రోజున మాత్రం ఆవాసం కాకుండా పోయింది.

నేను పర్యావరణ శాస్త్రం చదువుకుంటున్నవాణ్ణి. ఈ వ్యవహారం మొదలయ్యేదాకా గాలి నాణ్యత అంటే ఢిల్లీ గురించో, పటాన్‌చెరు గురించో మాట్లాడుకునే విషయమని నేనూ అనుకున్నాను. సంక్రాంతికి పల్లెకు వచ్చిన ఉద్యోగులు "ఇక్కడి గాలి పీలిస్తే ప్రాణం లేచి వస్తుంది" అంటుంటే కాదనలేదు. వారు పీల్చే గాలి ఊళ్లోది అన్న ఆలోచన అప్పటికి రాలేదు.

మన దేశంలో గాలిని కొలిచే యంత్రాలు ఎక్కడున్నాయో చూడండి. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం పరిధిలోకి వచ్చినవి 131 నగరాలు. ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు: విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలుతో పాటు మరికొన్ని జిల్లా కేంద్రాలు. తెలంగాణలో హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి. 2011 జనగణన నాటికి నేటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతంలో నూటికి డెబ్బై మంది పల్లెల్లో ఉన్నారు. అంత గ్రామీణమైన రాష్ట్రంలో గాలి లెక్క దాదాపు పూర్తిగా పట్టణాల లెక్క. ఆ పట్టణాల్లోనూ పాత పద్ధతి కేంద్రాల్లో వారానికి రెండు రోజుల చొప్పున, ఏడాదికి 104 రోజులు మాత్రమే నమూనా తీస్తారు. యంత్రం లేని చోట కాలుష్యం కాగితం మీద లేదు. కాగితం మీద లేనిదానికి అర్జీ పెడితే వచ్చే జవాబు ఎలా ఉంటుందో పైన చెప్పాను.

పల్లెలను పట్టణాలతో పోల్చే అధ్యయనాలు అడపాదడపా వస్తున్నాయి. అవి అవసరమే. అయితే ఒక గ్రామానికి ఒకే సంఖ్య ఇవ్వడంలోనే ఒక మోసం ఉన్నది. ఆ సంఖ్య తీసే యంత్రాన్ని ఎక్కడ పెడతారు? కరెంటు తెగని చోట, కాపలా ఉన్న చోట, అధికారి కారు వెళ్లే దారిలో. అంటే పంచాయతీ కార్యాలయం మీద, లేదా ఊరి నడుమనున్న బడి మీద. ఊరి గాలే గ్రామం గాలి అవుతుంది.

"గాలికి కులమేమిటి?" అని నా మిత్రుడొకడు అడిగాడు. వామపక్ష విద్యార్థి సంఘంలో పనిచేసినవాడు, మంచివాడు, నా పక్షాన నిలిచే మనిషి. అతని ప్రశ్నలో సగం న్యాయమున్నదని ముందుగానే ఒప్పుకుంటాను. మనం పీల్చే సన్నని ధూళిలో, అంటే పీఎం 2.5 అనే రెండున్నర మైక్రాన్ల లోపు రేణువుల్లో, పెద్ద వాటా వందల కిలోమీటర్ల మేర పరచుకొని ఉండే నేపథ్య కాలుష్యానిది. థర్మల్ కేంద్రాల గంధకం, పంట తగలబెట్టిన పొగ, పొయ్యిల పొగ, వాహనాల పొగ అన్నీ కలిసి ఆకాశమంతా ఒక్కటవుతాయి. ముప్పాతిక కిలోమీటరు దూరంలో ఉన్న ఊరికీ వాడకూ ఆ నేపథ్యం ఒక్కటే. ఏడాది సగటు తీస్తే తేడా బహుశా చిన్నదే కనిపిస్తుంది. తేడా ఉండేది పక్కనే ఉన్న మూలంలో, అది రగిలే గంటల్లో, ఆ గంటల్లో బయట ఉన్న మనుషుల్లో. బట్టీ, రాతి క్రషర్, సున్నపు బట్టీ, రైస్ మిల్లు ఊక బూడిద, చెత్త కుప్ప: వీటి ప్రభావం మొదటి కొన్ని వందల మీటర్లలో అత్యధికం. ఆ కొన్ని వందల మీటర్లలో ఎవరిని కాపురం పెట్టించారన్నదే కులప్రశ్న.

సగటు ఎలా మింగేస్తుందో ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చు. ఒక రోజులో నాలుగు గంటలపాటు పీఎం 2.5 ఘనపు మీటరుకు 200 మైక్రోగ్రాములు ఉన్నదనుకుందాం. మిగిలిన ఇరవై గంటలూ 30. ఇరవైనాలుగు గంటల సగటు 58. మన జాతీయ ప్రమాణం 60. కనుక ఆ రోజు గాలి చట్టప్రకారం శుభ్రమైనది. తెల్లవారుజామున నాలుగు గంటలు దగ్గిన పిల్ల ఆ లెక్కలో కనిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన రోజువారీ పరిమితి 15 అన్నది వేరే సంగతి. మన 60కీ ఆ 15కూ మధ్యనున్న అంతరం దేశమంతా కలిసి మోస్తున్నది, వాడ మాత్రం దానిపై అదనంగా మోస్తున్నది.

తెల్లవారుజాము అని ఊరికే అనలేదు. చలికాలంలో రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లగా, పైనున్న గాలి వెచ్చగా ఉంటుంది. చల్లని గాలి బరువైనది, పైకి లేవదు. పొగ పైకి పోవలసిన చోట మూత పడినట్లు అవుతుంది. సూర్యుడు వచ్చి నేలను వేడిచేసేదాకా ఆ పొగ మనిషి ఎత్తులోనే పాకుతూ ఉంటుంది. మన ప్రాంతంలో ఆ నెలల్లో గాలి ప్రధానంగా ఈశాన్యం నుంచో, తూర్పు నుంచో వీస్తుంది. అంటే ఏడాది మొత్తంలో గాలి అత్యంత మందంగా ఉండే నెలల్లో, ఈశాన్యాన ఉన్నదంతా నైరుతికి, తూర్పున ఉన్నది పడమటికి కొట్టుకు వస్తుంది.

ఇక్కడ అంబేడ్కర్ నమోదు చేసిన ఒక విషయం గుర్తుచేయాలి. అస్పృశ్యుల మీద గ్రామం విధించే నియమాల జాబితాను ఆయన రాసినప్పుడు, వారి నివాసాలు ఊరికి దక్షిణంగానే ఉండాలన్న నియమాన్ని అందులో చేర్చారు. దక్షిణం అశుభదిక్కు గనుక. యముడి దిక్కు అని మన పెద్దలు చెప్పే కారణం అదే. మరో కారణం కూడా మా ఊళ్లో చెప్పుకుంటారు: వాడ మీది గాలి ఊరి మీదికి రాకూడదు. చెప్పులు కుట్టే ఇంట తోళ్లు నానబెట్టిన లంద వాసన, చచ్చిన గొడ్డును ఈడ్చుకొచ్చి కోసిన చోటి వాసన ఊరికి సోకకూడదు. ఆ పనులు చేయించుకున్నది ఊరే. వాసన మాత్రం మా కులానికి అంటగట్టింది. నేను చిన్నప్పుడు బడిలో నా పక్కన కూర్చోవడానికి ఇష్టపడని పిల్లవాడు ముక్కు మూసుకొని చూపించేవాడు. ఆ రోజు నేను తలంటు పోసుకొని వెళ్లాను.

వాసన ఇప్పుడు దిశ మార్చుకున్నది. లంద పోయి రెండు తరాలైంది. వాడలో ఇప్పుడు వచ్చే వాసన బయటి నుంచి పంపినది. అయినా ముక్కు మూసుకునేవారి చూపు మాత్రం పాత దిక్కుకే ఉన్నది.

ఇటువంటి కథను శాస్త్రం ఎలా పట్టుకోగలదో చూపిన ఉదాహరణ ఒకటి అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో ఉన్నది. పల్లెల రాష్ట్రం, పూర్వపు బానిస తోటల రాష్ట్రం. 1982లో ఇక్కడి వారెన్ కౌంటీలో, నల్లజాతివారు అధికంగా ఉన్న చోట, పీసీబీ విషంతో కలుషితమైన మట్టిని పూడ్చడానికి వ్యతిరేకంగా జనం లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. పర్యావరణ న్యాయం అనే మాట ప్రాచుర్యం పొందింది ఆ పోరాటంతోనే. తర్వాతి దశాబ్దంలో అదే రాష్ట్రపు తూర్పు మైదానంలో పందుల పెంపకం కర్మాగారాల స్థాయికి చేరింది. సుమారు తొంభై లక్షల పందులు. వాటి మలమూత్రాలను ఆరుబయట గుంటల్లో నిలవచేసి, నిండినప్పుడల్లా పొలాల మీద పిచికారీ చేస్తారు. ఆ తుంపర, అమోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ చుట్టుపక్కల ఇళ్ల మీదికి వస్తాయి.

నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు అంటువ్యాధి శాస్త్రవేత్త స్టీవ్ వింగ్, టిల్లరీ అనే పల్లెలో నల్లజాతి రైతుల సంఘాన్ని నడిపిన గ్యారీ గ్రాంట్, మరొకరు కలిసి 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. రాష్ట్రంలోని సుమారు 2,500 పందుల కేంద్రాలను జనగణన పటం మీద పెట్టి చూశారు. అత్యంత పేద ప్రాంతాల్లో, అత్యంత సంపన్న ప్రాంతాలకంటే దాదాపు 19 రెట్లు ఎక్కువ కేంద్రాలు తేలాయి. పల్లెల్లో జనం పలచన, భూమి చౌక, అందుకే అక్కడ పెట్టారు అనే వాదన ఊహించినదే. కనుక జనసాంద్రతను లెక్కలోకి తీసుకొని మళ్లీ చూశారు. అప్పుడు కూడా ఏడు రెట్లు మిగిలింది. శ్వేతజాతీయేతరులు అతి తక్కువగా ఉన్న ప్రాంతాలతో పోలిస్తే, వారు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో సుమారు అయిదు రెట్లు ఎక్కువ కేంద్రాలు. "ఇది వర్గమే, కులం కాదు" అనే నా మిత్రుని వాదనకు ఇంతకంటే మర్యాదైన జవాబు నాకు తెలియదు. చౌక భూమి అన్న కారణాన్ని తీసి పక్కన పెట్టినా జాతి మిగిలే ఉన్నది.

అంతకంటే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది వారి తర్వాతి పని. పదహారు పల్లెల్లో 101 మంది వాలంటీర్లు, పందుల కేంద్రాల పొరుగువారే, రెండు వారాలపాటు రోజుకు రెండు సార్లు నిర్ణీత వేళల్లో పది నిమిషాలు ఆరుబయట కూర్చున్నారు. వాసన ఎంతగా ఉన్నదో సున్నా నుంచి ఎనిమిది వరకు అంకె వేశారు. తమ రక్తపోటు తామే కొలుచుకున్నారు. పల్లెలో పెట్టిన యంత్రం అదే వేళ హైడ్రోజన్ సల్ఫైడ్‌ను, ధూళిని కొలిచింది. వాసన, ఆ వాయువు పెరిగిన వేళల్లో రక్తపోటు కూడా స్వల్పంగా పెరిగినట్లు 2013లో ప్రచురించిన ఫలితాల్లో తేలింది. ఇందులో గమనించవలసింది ఆ పెరుగుదల పరిమాణం కాదు. వాసన అనేది పేదల గొణుగుడు మాత్రమే అన్నవారి ముందు, ముక్కు చెప్పినదాన్ని యంత్రం ధ్రువీకరించింది. ఒక మనిషిని మరో మనిషితో కాకుండా, అదే మనిషిని వాసన ఉన్న వేళ, లేని వేళ పోల్చారు గనుక వయసు, తిండి, అలవాట్లు అనే సాకులకు తావులేకపోయింది. పొరుగువారి పరిహారపు దావాల్లో 2018లో అక్కడి జ్యూరీలు పెద్ద మొత్తాలు విధించాయి. ఇంకోవైపు అదే రాష్ట్ర శాసనసభ అటువంటి దావాలకు అవకాశం కుదించే చట్టాలు చేసింది. రెండూ జరిగాయి.

మనవద్ద ఆ పని ఎవరూ చేయకపోవడానికి కారణం యంత్రాల ధర కాదు. లేజరు కాంతితో ధూళిని లెక్కించే చిన్న సెన్సర్లు ఇప్పుడు కొన్ని వేల రూపాయలకు దొరుకుతాయి. తేమ ఎక్కువైతే అవి ఎక్కువ చూపిస్తాయి, కనుక ప్రామాణిక యంత్రం పక్కన కొన్నాళ్లు పెట్టి సరిచూసుకోవాలి. అంతమాత్రం చేయగల ప్రయోగశాలలు మన విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. లేనిది జంటగా కొలవాలన్న తలంపు. ఒకటి ఊరి నడుమ, ఒకటి వాడ నడుమ, ఒకే ఎత్తులో, ఒకే రాత్రి. గాలి దిశ చూపే పరికరం ఒకటి. సగటుతో పాటు గంటగంటకూ అంకె. గ్రామానికి రెండు సంఖ్యలు వస్తే చాలు, చర్చ అక్కడి నుంచి మొదలవుతుంది.

'ఆరుబయటి గాలి' అనే సాంకేతిక పదం కూడా మా వాడలో వేరే అర్థం తెచ్చుకుంటుంది. ఒకే గది ఇంట్లో ఆరుగురు ఉంటే వంట బయట, స్నానం బయట, వేసవిలో నిద్ర బయట మంచం మీద. మిరప కళ్లంలో తాలు ఏరే ఆడవాళ్లు పొద్దంతా బయటే. ఊళ్లోని మేడ ఇంటికి బయటి గాలి వేరు, లోపలి గాలి వేరు. మాకు బయటే ఇల్లు.

ఇంతా రాసి, మా అర్జీలో మేమే చేసిన ఒక తప్పు చెప్పకపోతే అన్యాయం. బట్టీ పక్కనే, ఇటుకలనే పేర్చి పైన రేకులు కప్పిన నడుమెత్తు గుడిసెల్లో పశ్చిమ ఒడిశా నుంచి వచ్చిన కూలీలు ఆరు నెలలు కాపురముంటారు. బలంగీర్, నువాపడా జిల్లాల దళితులు, ఆదివాసులు. ముందుగా తీసుకున్న అడ్వాన్సుకు కట్టుబడి, పిల్లలతో సహా. వారికీ బట్టీకీ మధ్య దూరం సున్నా. మేము మూడు వందల మీటర్ల గురించి పోట్లాడుతూ వారిని ఆవాసంగా లెక్కవేయలేదు. ఊరు మమ్మల్ని చూసినట్లే మేము వారిని చూశాము. మాల, మాదిగ, రెల్లి అంటూ వాడలో వాడలు కట్టుకున్న మనకు ఇది కొత్త అలవాటు కాదు. రెండో అర్జీలో వారి సంగతి మొదటి పేరాలోనే పెట్టాం.

ఆ రెండో అర్జీకి కారణం ఏప్రిల్‌లో జరిగిన ఒక సంగతి. గాలి మళ్లి దక్షిణం నుంచి వీచిన నాలుగు రోజులు బట్టీ పొగ ఊరి తూర్పు వీధి మీదికి పోయింది. అయిదో రోజు బట్టీ ఆగింది. అర్జీ లేదు, తనిఖీ లేదు, కొలత టేపు లేదు. ఎవరో ఎవరికో ఫోన్ చేశారు. గాలి మళ్లీ తిరిగాక బట్టీ రగిలింది. దూరం అదే తొమ్మిది వందల మీటర్లు.

బట్టీ ఉన్న చేను ఎవరిదో, దాని యజమాని పొలంలో మా వాడవాళ్లు ఎంతమంది కూలికి పోతారో చెప్పనక్కరలేదు. 1985 జూలైలో కారంచేడులో దళితవాడ వారు తాగే చెరువు నీటిని మురికి చేయవద్దని ఒక మాట అన్నందుకు ఏం జరిగిందో ఈ పుట చదివేవారికి తెలుసు. నీటికి ఒక చెరువు ఉన్నది, గట్టు ఉన్నది, మురికి చేసిన చేయి కంటికి కనిపించింది. గాలి విషయంలో ఆ చేయిని చూపించడానికే ముందు కొలత కావాలి. ఆ కొలత అడిగితే ఏమవుతుందో అన్న భయం మా వాడలో ఇప్పటికీ ఉన్నది. సంతకం పెట్టిన ఇరవై ముగ్గురిలో ఆరుగురు తర్వాత తమ పేర్లు తీసేయమన్నారు. తీసేశాం.

మిగిలినవారితో ఒక పని మొదలుపెట్టాం. వీధి చివరి స్తంభానికి గాలి దిశ తెలియడానికి పాత చీర పేలిక ఒకటి కట్టాం. పెద్దమ్మ దగ్గర రెండు వందల పేజీల నోటు పుస్తకం ఉన్నది. ఆమెకు రాయడం రాదు, తొమ్మిదో తరగతి చదివే మనవరాలు రాస్తుంది. తెల్లవారి అయిదున్నరకు ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి: వేళ, పేలిక ఎటు ఎగురుతున్నది, వాసన సున్నా నుంచి ఎనిమిదిలో ఎంత, ఆ రాత్రి ఎవరు దగ్గారు. సెన్సరు ఒకటి మా విభాగం నుంచి అరువు తెచ్చాను. రెండోది ఊరి నడుమ పెట్టాలి, అక్కడ కూడా ఒకరు నోటు పుస్తకం రాయాలి. నాతో పాటు ఇంటర్ చదివిన ఊరి మిత్రుణ్ణి అడిగాను. వాళ్ల డాబా అందుకు సరిగ్గా సరిపోతుంది. నాన్నను అడిగి చెబుతానన్నాడు. చలికాలం మొదలవడానికి ఇంకా మూడు వారాలున్నది.